డేటాబేస్ పుస్తకం కొనే ముందు ఏ పేజీ తెరిచి చూడాలి?

అమీర్‌పేటలో ఒరాకిల్ డేటాబేస్ నేర్చుకున్న వాళ్లెవరికైనా 'ఎంప్' అనే ఉద్యోగుల టేబుల్ గుర్తుంటుంది. మొత్తం 14 వరసలు. కింగ్ ప్రెసిడెంటు, బ్లేక్, క్లార్క్, జోన్స్ మేనేజర్లు, స్మిత్ క్లర్కు. ప్రతి వరసలోనూ ఆ ఉద్యోగి పైఅధికారి నంబరు ఉండే 'ఎంజీఆర్' అనే కాలమ్ ఉంటుంది. ఆ టేబుల్ మీద చిన్న ప్రశ్న: తన కింద ఎవరూ పని చేయని ఉద్యోగుల పేర్లు తీయండి.

చాలామంది ఒకే రకంగా రాస్తారు. ఎవరి నంబరు ఎంజీఆర్ కాలమ్‌లో లేదో వాళ్లను తెమ్మని, 'నాట్ ఇన్' పెట్టి లోపల సబ్‌క్వెరీ, అంటే క్వెరీలో ఇంకో చిన్న క్వెరీ, రాస్తారు. టేబుల్ ముందు పెట్టుకుని వేళ్ల మీద లెక్కపెడితే 8 మంది రావాలి. క్వెరీ రన్ చేస్తే ఒక్కరూ రారు. ఎర్రర్ కూడా రాదు. కింగ్‌కి పైన ఎవరూ లేరు కాబట్టి అతని ఎంజీఆర్ 'నల్'. నల్‌తో దేన్ని పోల్చినా జవాబు అవునూ కాదు, కాదూ కాదు, 'తెలియదు'. జాబితాలో ఒక్క నల్ ఉన్నా చాలు, 'ఇతని నంబరు ఈ జాబితాలో లేదు' అని డేటాబేస్ ఎవరి గురించీ గట్టిగా చెప్పలేదు. అందుకే అందరూ పోయారు. 'నాట్ ఎగ్జిస్ట్స్'తో రాస్తే ఆ 8 మందీ వస్తారు.

ఇది పరీక్షలో వచ్చే చిక్కు ప్రశ్న కాదు. నెలాఖరు రిపోర్టులో ఇలా ఖాళీ జవాబు వస్తే, ఎర్రర్ లేదు కదా అని అందరూ నమ్మేస్తారు. అందుకే ఎవరైనా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని ప్రశ్నలు అడిగే భాష) పుస్తకం గురించి అడిగితే, ముందుగా పుస్తకం వెనక ఉండే విషయసూచికలో నల్ అనే మాట వెతికి ఆ పేజీలు చదవమంటాను. షాపులోనైనా, ఆన్‌లైన్ శాంపిల్‌లోనైనా ఐదు నిమిషాల పని. 'నల్ అంటే ఖాళీ విలువ' అని ఒక్క వాక్యంతో దాటేసిన పుస్తకం సింటాక్స్ వరకే నేర్పుతుంది. ఎందుకలా జరుగుతుందో చెప్పిన పుస్తకం మీతో ఉద్యోగం దాకా వస్తుంది.

అయితే డేటాబేస్ నేర్చుకోవడం అనేది ఒక పని కాదు. క్వెరీలు, ప్రోగ్రాములు రాయడం ఒకటి. లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం ఇంకొకటి. సర్వర్‌ని రాత్రీ పగలూ నిలబెట్టడం మూడోది. ఈ మూడింటికీ వేర్వేరు పుస్తకాలు కావాలి. కాలేజీ పుస్తకం చదివి డీబీఏ (డేటాబేస్ సర్వర్లు నడిపే అడ్మిన్) ఉద్యోగానికి వెళ్లినవాళ్లు, ఇన్‌స్టిట్యూట్ నోట్సు పట్టుకుని గేట్ రాసినవాళ్లు ఇబ్బంది పడేది ఇక్కడే. తెలివి తక్కువై కాదు, చేతిలో ఉన్న పుస్తకం వేరే పనికి రాసింది కావడం వల్ల.

క్వెరీలు రాయడానికి

మొదటి పుస్తకంగా అలన్ బ్యూలియూ రాసిన 'లెర్నింగ్ ఎస్‌క్యూఎల్' నా ఓటు. 2020లో వచ్చిన మూడో ఎడిషన్ తీసుకోండి. 400 పేజీల లోపే ఉంటుంది, ఇంగ్లిష్ తేలిక. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చినవాళ్లు కూడా డిక్షనరీ లేకుండా చదవగలరు. చాలా అధ్యాయాల చివర అభ్యాసాలు, పుస్తకం వెనక జవాబులు ఉంటాయి. ఒంటరిగా చదువుకునేవాళ్లకు ఆ జవాబులే సగం మాస్టారు. ఉదాహరణలు దాదాపు అన్నీ మైఎస్‌క్యూఎల్ (ఒరాకిల్ లాంటిదే ఇంకో డేటాబేస్ సాఫ్ట్‌వేర్) వాళ్ల 'సకీలా' డేటాబేస్ మీద నడుస్తాయి. అదొక సినిమా అద్దె షాపు: 1000 సినిమాలు, 16 వేల పైచిలుకు అద్దె లావాదేవీలు. 14 వరసల ఎంప్ టేబుల్ మీద ఏ క్వెరీ అయినా క్షణంలో వస్తుంది, జవాబు కంటితోనే సరిచూసుకోవచ్చు. 16 వేల వరసల మీద కంటికి అందదు, క్వెరీని నమ్మాలంటే ఆలోచించాలి. ఆ అలవాటు మొదటి నుంచే పడాలి.

ఇదే పుస్తకం పాత రెండో ఎడిషన్ 2009 నాటిది. విండో ఫంక్షన్లకు (ఒక్కో గుంపులోని వరసలకు ర్యాంకుల్లాంటివి లెక్కించేవి) మైఎస్‌క్యూఎల్‌లో చోటు దొరికిందే 8.0తో, అంటే 2018లో. ఇంటర్వ్యూల్లో 'డిపార్ట్‌మెంట్‌కి ముగ్గురు చొప్పున ఎక్కువ జీతగాళ్లను తీయండి' అని అడిగేది వాటి గురించే. కాబట్టి పాతది తక్కువకి వచ్చినా వద్దు.

మీరు చేరబోయే కంపెనీలో మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉంటే ఇట్జిక్ బెన్-గాన్ రాసిన 'టీ-ఎస్‌క్యూఎల్ ఫండమెంటల్స్' చూడండి. నాలుగో ఎడిషన్ 2023లో వచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడనివాళ్లకు కూడా ఇందులో సెలెక్ట్ గురించిన భాగం చదవమని చెబుతాను. క్వెరీ మనం రాసేది సెలెక్ట్‌తో మొదలుపెట్టి. డేటాబేస్ దాన్ని అర్థం చేసుకునే వరస వేరు: ముందు ఫ్రమ్, తర్వాత వేర్, గ్రూప్ బై, హ్యావింగ్, ఆ తర్వాతే సెలెక్ట్, చివర ఆర్డర్ బై. సెలెక్ట్‌లో పెట్టుకున్న మారుపేరు వేర్‌లో ఎందుకు పనిచేయదు, ఆర్డర్ బైలో ఎందుకు పనిచేస్తుంది అన్న ప్రశ్నకి జవాబు ఈ వరసలోనే ఉంది. ఆ ఒక్క వివరణ అర్థమైతే వంద రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు. నల్ గురించి కూడా ఈయన ఓపిగ్గా చెబుతాడు.

ఉద్యోగంలో చేరి ఏడాది అయినవాళ్లకి బిల్ కార్విన్ 'ఎస్‌క్యూఎల్ యాంటీప్యాటర్న్స్' ఇవ్వండి. అందులో మొదటి తప్పే మనందరం చేసేది: ఒకే కాలమ్‌లో కామాలు పెట్టి నాలుగు విలువలు దాచడం. కస్టమర్‌కి రెండు ఫోన్ నంబర్లు ఉన్నాయి కదా అని కామా పెట్టి రెండోది కూడా అక్కడే రాస్తాం. రెండు నెలల తర్వాత 'ఈ నంబరు ఎవరిది' అని వెతకాలంటే మొత్తం టేబుల్ చదవాలి, ఇండెక్స్ (వేగంగా వెతకడానికి డేటాబేస్ పేర్చి పెట్టుకునే జాబితా) పనికిరాదు, తప్పు నంబరు పడకుండా ఆపే దారి ఉండదు. కోడ్ రాసి దెబ్బ తిన్న తర్వాత చదివితే ఈ పుస్తకంలో ప్రతి పేజీ మన గురించే రాసినట్టుంటుంది. అంతకు ముందు చదివితే మామూలు సలహాల్లా అనిపిస్తుంది, అందుకే మొదటి పుస్తకంగా వద్దంటున్నాను.

ఇక నెమ్మదిగా నడిచే క్వెరీల సంగతి. దీనికి మార్కస్ వినాండ్ రాసిన 'ఎస్‌క్యూఎల్ పెర్ఫార్మెన్స్ ఎక్స్‌ప్లెయిన్డ్'కి సాటి వచ్చే చిన్న పుస్తకం నేను చూడలేదు. 2012 నాటిది, సుమారు 200 పేజీలు. ఇదే విషయం 'యూజ్ ది ఇండెక్స్, లూక్' అనే పేరుతో వెబ్‌లో ఉచితంగా ఉంది. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే నాలుగు డేటాబేస్‌లకీ తేడాలు చెబుతుంది.

ఏ పెర్ఫార్మెన్స్ పుస్తకాన్నైనా పరీక్షించడానికి నేను తెరిచే పేజీ ఒకటుంది. ఆర్డర్ తేదీ కాలమ్ మీద ఇండెక్స్ ఉంది. తేదీలో టైమ్ కూడా కలిసి ఉంది కాబట్టి, మార్చి 5 నాటి ఆర్డర్ల కోసం టైమ్‌ని కత్తిరించే ఫంక్షన్‌ని ఆ కాలమ్‌కి తగిలించి వేర్‌లో పెడతాం. జవాబు కరెక్టే వస్తుంది, కానీ ఇండెక్స్ వాడుకోదు. ఎందుకంటే ఇండెక్స్‌లో పేర్చి ఉన్నది అసలు విలువలు, ఫంక్షన్ ఇచ్చే విలువలు కావు. టెలిఫోన్ డైరెక్టరీలో పేర్లు మొదటి అక్షరం వరసలో ఉంటే, చివరి అక్షరంతో వెతకమన్నట్టు. అదే క్వెరీని 'మార్చి 5 మొదలు నుంచి, మార్చి 6 మొదలయ్యే లోపు' అని రాస్తే కాలమ్‌ని ముట్టుకోం, ఇండెక్స్ పలుకుతుంది. ఫంక్షన్ మీదే వేరే ఇండెక్స్ కట్టడం ఇంకో దారి. ఈ రెండు దారులూ చెప్పి ఎప్పుడు ఏది మంచిదో చర్చించిన పుస్తకం కొనండి. 'వేర్‌లో ఫంక్షన్లు వాడకండి' అని మాత్రం రాసి వదిలేస్తే, కాస్త వేరే రూపంలో అదే సమస్య వచ్చినప్పుడు మీరు గుర్తుపట్టలేరు.

కాలేజీ పుస్తకాలు మూడూ ఒకటి కావు

లైబ్రరీలో పక్కపక్కన కనిపించే మూడు లావు పుస్తకాల్లో ఏది కొన్నా ఒకటే అనుకుంటారు. కాదు.

సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్‌ల 'డేటాబేస్ సిస్టమ్ కాన్సెప్ట్స్' ఏడో ఎడిషన్ 2019లో వచ్చింది. సుదర్శన్ ఐఐటీ బాంబే ప్రొఫెసర్. గేట్ రాసేవాళ్లకి, యూనివర్సిటీ పరీక్షలకి ఇదే. రిలేషనల్ ఆల్జీబ్రా, నార్మల్ ఫామ్స్, బీ ప్లస్ ట్రీ, ట్రాన్సాక్షన్లు, గేట్ సిలబస్‌లో ఉన్నవన్నీ ఇందులో ఒక క్రమంలో దొరుకుతాయి. అభ్యాసాల్లో కొన్నింటికి జవాబులు రచయితలే తమ వెబ్‌సైట్‌లో పెట్టారు. 1300 పేజీలు చూసి టెన్షన్ పడకండి. పరీక్షకి కావలసింది అందులో సగం లోపే.

ఎల్మాస్రీ, నవాతేల 'ఫండమెంటల్స్ ఆఫ్ డేటాబేస్ సిస్టమ్స్' బలం డిజైన్‌లో ఉంది. క్లయింట్ నోటితో చెప్పిన అవసరాన్ని టేబుళ్లుగా మార్చడం మీకు కష్టంగా ఉందా, అయితే ఇది. కంపెనీ, ఉద్యోగులు, ప్రాజెక్టులు అనే ఒకే ఉదాహరణని పట్టుకుని, ఈఆర్ బొమ్మ (ఏమేం ఉన్నాయి, వాటి మధ్య సంబంధాలేమిటి అని చూపేది) గీసి, దాన్ని మెట్టు మెట్టుగా టేబుళ్లలోకి దించుతుంది. ఆసుపత్రి, లైబ్రరీ లాంటి మినీ ప్రాజెక్టు చేసే ఇంజినీరింగ్ పిల్లలకు ఆ అధ్యాయాలు చాలు.

రఘు రామకృష్ణన్, జొహానెస్ గెర్కేల 'డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్స్' జేఎన్‌టీయూ సిలబస్‌లో ఏళ్ల తరబడి ఉన్నది. నావికులు, పడవలు, రిజర్వేషన్లు అనే మూడు టేబుళ్ల ఉదాహరణ మన దగ్గర బీటెక్ చదివిన చాలామందికి గుర్తే: ఎర్ర పడవ బుక్ చేసిన నావికుల పేర్లు తీయండి. మూడో ఎడిషన్ 2002 నాటిది, ఆ తర్వాత కొత్తది రాలేదు. అయినా డీబీఏ అవుదామనుకునేవాళ్లకి మూడింటిలో నేను చేతికిచ్చేది దీన్నే. డిస్క్ మీద పేజీలు ఎలా ఉంటాయి, బఫర్ పూల్ (చదివిన పేజీలను మెమరీలో ఉంచే చోటు) ఏం చేస్తుంది, రెండు టేబుళ్లు జాయిన్ చేయడానికి ఎన్ని పేజీలు చదవాలి అన్న లెక్కలు ఇందులో బాగా వివరంగా చేయిస్తారు. రేపు ఉద్యోగంలో ఎగ్జిక్యూషన్ ప్లాన్ (క్వెరీని డేటాబేస్ ఏ దారిలో నడుపుతుందో చూపేది) తెరిచి 'హ్యాష్ జాయిన్' అన్న మాట చూసినప్పుడు ఆ లెక్కలే గుర్తొస్తాయి. భాష కొంచెం బరువు. స్టోరేజ్, ఇండెక్సింగ్, క్వెరీ ఎవాల్యుయేషన్ అధ్యాయాలతో మొదలుపెట్టి మిగిలినవి అవసరాన్ని బట్టి చదవండి.

సి.జె. డేట్ పుస్తకం గురించి కూడా అడుగుతుంటారు. ఎనిమిదో ఎడిషన్ 2003లో వచ్చింది. గొప్పది, కానీ ఎస్‌క్యూఎల్ కన్నా నేర్పడం కోసం ఆయన హ్యూ డార్వెన్‌తో కలిసి తయారుచేసిన 'ట్యుటోరియల్ డీ' అనే భాష మీద ఎక్కువ నడుస్తుంది. పరీక్షకీ, ఉద్యోగానికీ ముందు కాదు, తర్వాత.

కాలేజీ పుస్తకం చెప్పని విషయం ఒకటుంది. ఐసొలేషన్ లెవెల్స్ (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లలో ఒకదాని మార్పులు ఇంకోదానికి ఎంతవరకు కనిపించాలన్న స్థాయిలు) నాలుగూ నేర్పుతుంది, మీ కంపెనీ సర్వర్ దేన్ని డిఫాల్ట్‌గా వాడుతుందో అక్కడ దొరకడం కష్టం. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ 'రీడ్ కమిటెడ్' మీద నడుస్తాయి, మైఎస్‌క్యూఎల్ (దాని స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ) 'రిపీటబుల్ రీడ్' మీద. ఒకే ప్రోగ్రాము ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు లెక్కలు తేడా రావడానికి ఇదొక కారణం. ఈ సందు పూడ్చుకోవడానికి బ్యాక్‌ఎండ్ డెవలపర్లు మార్టిన్ క్లెప్‌మన్ 2017లో రాసిన 'డిజైనింగ్ డేటా-ఇంటెన్సివ్ అప్లికేషన్స్'లో ట్రాన్సాక్షన్ల అధ్యాయం చదవాలి. డ్యూటీలో ఉన్న ఇద్దరు డాక్టర్లు ఒకే క్షణంలో సెలవు పెడితే, 'ఇంకొకరు ఉన్నారు కదా' అని సిస్టమ్ ఇద్దరికీ ఒప్పుకుని, చివరికి వార్డులో ఎవరూ లేకుండా పోయే ఉదాహరణ అందులో ఉంది. అది చదివాక ఐసొలేషన్ అన్న మాట ఇక మర్చిపోరు.

సర్వర్ నడపడానికి

ఇక్కడ పుస్తకం ఎంపికలో తప్పు చేస్తే నష్టం నిజంగా జరుగుతుంది. నా సొంత అనుభవం చెబుతాను. నా మొదటి ఉద్యోగంలో ఒక రాత్రి పోస్ట్‌గ్రెస్ సర్వర్ డిస్క్ నిండిపోయింది. టీమ్‌లో ఒకాయన చోటు కోసం వెతికి, 'పీజీ ఎక్స్‌లాగ్' అనే ఫోల్డర్ బాగా పెరిగిందని చూసి, లాగ్ ఫైళ్లే కదా అని తీసేశాడు. అవి మామూలు లాగ్‌లు కావు. ప్రతి మార్పునీ డేటాబేస్ ముందుగా రాసుకునే చిట్టా అది, అది లేకపోతే సర్వర్ తిరిగి లేవదు. ముందురోజు రాత్రి బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాం, ఆ రోజంతా జరిగిన ఎంట్రీలు పోయాయి. మా టేబుల్ మీద ఒక అడ్మిన్ పుస్తకం ఉంది. ఇన్‌స్టాల్ చేయడం, యూజర్లను పెట్టడం, కమాండ్లు, అన్నీ ఉన్నాయి. ఆ ఫోల్డర్ ఏమిటో మాత్రం లేదు. ఇలాంటి పొరపాట్లు చాలాచోట్ల జరగడం వల్లే 2017లో పోస్ట్‌గ్రెస్ 10తో ఆ ఫోల్డర్ పేరుని 'పీజీ వాల్' అని మార్చారు.

కమాండ్లు మాత్రమే చెప్పే అడ్మిన్ పుస్తకాలంటే అప్పటి నుంచి నాకు భయం. ముందు తెరవాల్సింది బ్యాకప్ అధ్యాయం. అందులో బ్యాకప్ తీయడానికి ఎన్ని పేజీలు, తిరిగి తెచ్చుకోవడానికి ఎన్ని పేజీలు ఇచ్చారో చూడండి. 'మధ్యాహ్నం 3:10కి ఎవరో టేబుల్ తీసేశారు, 3:09కి ఉన్న స్థితికి తీసుకురండి' అన్న పనిని మీతో చేయించే పుస్తకం కావాలి. దాన్ని మీ ల్యాప్‌టాప్‌లోనే, మీరే టేబుల్ తీసేసి, గడియారం చూసుకుంటూ చేయండి.

పోస్ట్‌గ్రెస్ ఎంచుకున్నవాళ్లకి డబ్బు ఖర్చు లేదు. అధికారిక డాక్యుమెంటేషన్‌లో సర్వర్ అడ్మినిస్ట్రేషన్ భాగం ఏ పుస్తకానికీ తీసిపోదు. బ్యాకప్‌కి మూడు పద్ధతులు చెప్పి, ఒక్కోదాని లోటుపాట్లు కూడా అక్కడే రాశారు. లోపలి సంగతులకి ఎగోర్ రోగోవ్ 'పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 14 ఇంటర్నల్స్' ఉంది, పీడీఎఫ్ ఉచితం. వాక్యూమ్ (పాత వరసలను ఊడ్చే పని) ఎందుకు నడవాలి, పాత వరసలు ఎక్కడ పోగవుతాయి అన్నది బొమ్మలతో కనిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఏ డేటాబేస్ అని అడిగితే నేను పోస్ట్‌గ్రెస్ అనడానికి సగం కారణం ఈ రెండే.

మైఎస్‌క్యూఎల్‌కి 'హై పెర్ఫార్మెన్స్ మైఎస్‌క్యూఎల్'. ఇక్కడ ఎడిషన్ల మధ్య పెద్ద తేడా ఉంది. 2012 నాటి మూడోది చాలా లావు, లోతు ఎక్కువ, కానీ 5.5 కాలం నాటిది. 2021లో వేరే రచయితలు తెచ్చిన నాలుగోది దాదాపు సగం, 8.0కి తగ్గట్టుంటుంది. మూడోదాంట్లో క్వెరీ క్యాష్ గురించి చదివి ఆ సెట్టింగ్ 8.0 సర్వర్‌లో పెడితే సర్వర్ లేవదు, ఎందుకంటే 8.0లో క్వెరీ క్యాష్‌నే తీసేశారు. పని కోసం నాలుగోది కొనండి. ఇండెక్సుల అధ్యాయం కోసం మూడోది ఎవరి దగ్గరైనా తీసుకుని చదవండి.

ఒరాకిల్‌కి టామ్ కైట్ 'ఎక్స్‌పర్ట్ ఒరాకిల్ డేటాబేస్ ఆర్కిటెక్చర్' మూడో ఎడిషన్, దానితో పాటు ఒరాకిల్ వాళ్లే ఉచితంగా ఇచ్చే 'కాన్సెప్ట్స్' మాన్యువల్. రీడూ, అన్‌డూ (మార్పుల చిట్టాలు), లాక్‌లు కైట్ చెప్పిన పద్ధతి వేరు: ప్రతి మాటకీ చిన్న ప్రయోగం చేసి చూపిస్తాడు, మీరూ చేసి చూడొచ్చు. పీఎల్/ఎస్‌క్యూఎల్‌కి (ఒరాకిల్ లోపల ప్రోగ్రాములు రాసే భాష) స్టీవెన్ ఫ్యూయర్‌స్టీన్ పుస్తకం ఉంది. అది వెయ్యి పేజీలు దాటింది. వరసగా చదవకండి, పక్కన పెట్టుకుని కావలసినప్పుడు తీయండి.

ఒరాకిల్ నేర్చుకునే పిల్లలు పాత జిరాక్సు నోట్సుతో ఎక్కడ ఆగిపోతారో నాకు బాగా తెలుసు. కొత్త ఒరాకిల్ ఇన్‌స్టాల్ చేసి, సిస్టమ్ యూజర్‌గా లాగిన్ అయి, నోట్సులో ఉన్నట్టే క్రియేట్ యూజర్ కొడతారు. ఓఆర్‌ఏ-65096 అని ఎర్రర్ వస్తుంది. రెండు రోజులు మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటారు. తప్పు వాళ్లది కాదు. 2013లో వచ్చిన 12సీ నుంచి ఒక పెద్ద కంటైనర్, దాని లోపల ప్లగబుల్ డేటాబేస్‌లు అనే ఏర్పాటు వచ్చింది. 21సీ నుంచి పాత పద్ధతి అసలు లేదు. మామూలు యూజర్‌ని ప్లగబుల్ డేటాబేస్‌లోకి వెళ్లి పెట్టాలి. విషయసూచికలో 'ప్లగబుల్' అన్న మాట లేని ఒరాకిల్ అడ్మిన్ పుస్తకం ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోకండి.

ఉద్యోగంలో రెండు మూడేళ్లు గడిచాక లేన్ క్యాంప్‌బెల్, చారిటీ మేజర్స్‌ల 'డేటాబేస్ రిలయబిలిటీ ఇంజినీరింగ్' చదవొచ్చు. కమాండ్లు దాదాపు ఉండవు, డేటాబేస్‌లను నమ్మకంగా నడిపే ఆలోచనా పద్ధతే ఎక్కువ.

కొనే చోటు, ఎడిషన్

కోఠిలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, బెజవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత పుస్తకాలు చూసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి: సిద్ధాంతం నెమ్మదిగా పాతబడుతుంది, అడ్మినిస్ట్రేషన్ తొందరగా పాతబడుతుంది. రామకృష్ణన్-గెర్కే ఎంత నలిగిన కాపీ అయినా పరవాలేదు, మూడో ఎడిషనేనా అని చూసి తెచ్చుకోండి. సిల్బర్‌షాట్జ్ అట్ట ఊడిపోయి ఎడిషన్ తెలియకపోతే ఎస్‌క్యూఎల్ అధ్యాయం తెరవండి. ఉదాహరణల్లో బ్యాంకు ఖాతాలు, బ్రాంచీలు ఉంటే అది ఐదోది లేదా అంతకు ముందుది. విద్యార్థులు, లెక్చరర్లు, డిపార్ట్‌మెంట్లు ఉంటే ఆరో ఏడో. గేట్‌కి రెండూ పనికొస్తాయి, క్లాసులో మాస్టారి స్లైడ్లతో కలవాలంటే యూనివర్సిటీ ఉదాహరణలున్నదే తీసుకోండి. పోస్ట్‌గ్రెస్ అడ్మిన్ పుస్తకమైతే రెప్లికేషన్ (సర్వర్‌కి నకలు సర్వర్ నడపడం) అధ్యాయంలో 'రికవరీ డాట్ కాన్ఫ్' ఫైలు తయారుచేయమని ఉందేమో చూడండి. 2019లో వచ్చిన వెర్షన్ 12లో ఆ ఫైలుని తీసేశారు, అది ఫోల్డర్‌లో కనిపిస్తే ఇప్పటి సర్వర్ స్టార్ట్ కూడా అవదు. ఆ పుస్తకాన్ని షాపులోనే వదిలేయండి.